మలబద్ధకం, అతిసారం: సిగ్గు విడిచి చెప్పుకోవలసిన మాటలు

(పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా సంఘ భవనంలో జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ హాల్లో మనం కూర్చుంటే కరువు భత్యం బకాయిల గురించో, హెల్త్ కార్డుల గురించో మాట్లాడుకోవడం రివాజు. ఈసారి కార్యదర్శి గారు నన్ను ఆరోగ్యం మీద ఒక అరగంట మాట్లాడమన్నారు. "గుండె గురించి చెబుతారా, షుగరు గురించి చెబుతారా?" అని అడిగారు. వాటి గురించి చెప్పేవారు చాలామంది ఉన్నారండీ, నేను విరేచనాల గురించి చెబుతాను అన్నాను. ఆయన ఒక్క నిమిషం నా మొహం చూసి, "ఆడవాళ్ళు కూడా వస్తారు కదండీ మరి!" అన్నారు. వాళ్ళు వస్తారనే ఈ విషయం ఎంచుకున్నాను. పిల్లవాడికి విరేచనాలయినా, మంచాన ఉన్న అత్తగారికి మోషన్ కాకపోయినా చూసుకునేది వాళ్ళే గదా.

నేను డాక్టరును కాను. ఆ మాట ముందే మనవి చేసుకుంటున్నాను. 1974 నుంచి 2009 వరకు ముప్పై అయిదేళ్ళు జిల్లా వైద్య ఆరోగ్య శాఖలో గుమాస్తాగా పనిచేశాను. వానాకాలం వచ్చిందంటే మా సీటుకు నిద్ర ఉండేది కాదు. ఏ గ్రామంలో ఎన్ని విరేచనాల కేసులు, ఎందరు కోలుకున్నారు, ఎందరు పోయారు అని రోజూ సాయంత్రానికి నివేదిక తయారు కావాలి. 1986 ఆగస్టులో గోదావరికి వరద వచ్చి తగ్గిన తరువాత ఆ నివేదికలు, బ్లీచింగ్ పౌడరు ఇండెంట్లు, ఓఆర్ఎస్ పొట్లాల ఇండెంట్లు రాసి రాసి వేళ్ళు కాయలు కాశాయి. ఆ కాగితాల మీద అంకెలు రాస్తూ, వచ్చిన వైద్యాధికారులను "అయ్యా, ఇదెందుకు, అదెందుకు?" అని అడుగుతూ నేర్చుకున్నదే నా చదువు. ఉద్యోగం అయిపోయాక కూడా ఆ అలవాటు పోలేదు. తెలిసిన డాక్టర్లను అడుగుతూనే ఉన్నాను.

ముందు విరేచనాల సంగతి. రోజుకు మూడుసార్లు, అంతకంటే ఎక్కువ పలచగా అయితే దాన్ని అతిసారం అంటారు. తల్లిపాలు తాగే పసిపిల్లలకు ఈ లెక్క పనికిరాదు. వాళ్ళు పాలు తాగినప్పుడల్లా పలచగా పోయినా అది మామూలే. వాళ్ళకు రోజూ ఉండే తీరుకంటే నీళ్ళగా మారితేనే కంగారు పడాలి.

1957లో నాకు ఆరేళ్ళు. మా చెల్లెలికి రెండో ఏడు నడుస్తోంది. వేసవిలో దానికి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. మా ఇంట్లో ఎవరికీ దాని మీద ప్రేమ తక్కువ కాదు. కానీ ఊరంతా ఒకటే మాట: నీళ్ళు పోస్తే నీళ్ళుగానే పోతుంది, కడుపు ఎండగట్టాలి. లంఖణం పరమౌషధం అన్నారు గదా! ఆ పిల్ల నాలుక బయటపెట్టి నీళ్ళ చెంబు వైపు చెయ్యి చాపితే, చెంబు తీసి దూరంగా పెట్టారు. రెండో రోజు సాయంత్రానికి ఏడ్చినా కన్నీళ్ళు రాలేదు. కళ్ళు గుంటలు పడ్డాయి. మూడో రోజు తెల్లవారేసరికి లేదు. "పళ్ళ విరేచనాలు పొట్టన పెట్టుకున్నాయి" అన్నారు. మా అమ్మ ఎనభై ఏళ్ళు బతికింది. ఆ చెంబు సంగతి మాత్రం ఏనాడూ ఎత్తలేదు. ఆ రోజుల్లో ఎవరికీ తెలియదు. తెలిసిన ఈ రోజుల్లో కూడా, మన ఇళ్ళల్లోనే, "నీళ్ళు తగ్గించు, పాలు మానిపించు" అనే పెద్దవాళ్ళు ఉన్నారు. మనమే ఆ పెద్దవాళ్ళం. అందుకే ఈ సభలో చెబుతున్నాను.

విరేచనాలతో పిల్లలు చనిపోయేది ఎక్కువగా ఆ క్రిమి వల్ల కాదు, ఒంట్లో నీరు, ఉప్పు పోవడం వల్ల. పోయినదాన్ని పోయినట్టు తిరిగి పోస్తే పిల్ల బతుకుతుంది. ఇది రుజువైన సంఘటన ఒకటి చెబుతాను. 1971లో బంగ్లాదేశ్ యుద్ధం నాడు లక్షలాది శరణార్థులు పశ్చిమ బెంగాలుకు వచ్చారు. బనగాం దగ్గర శిబిరాల్లో కలరా చెలరేగింది. నరానికి ఎక్కించే సెలైను సీసాలు అయిపోవచ్చాయి. డాక్టర్ దిలీప్ మహలనబిస్ గారు ఉప్పు, వంటసోడా, గ్లూకోజు నీళ్ళలో కలిపి డ్రమ్ముల్లో పెట్టించి, రోగుల బంధువుల చేతనే కప్పులతో తాగించారు. నూటికి ముప్పై మంది దాకా చచ్చిపోతున్న చోట మరణాలు నూటికి నలుగురి లోపుకు పడిపోయాయి. 2022లో ఆయన కన్నుమూశారు. మరుసటి ఏడాది పద్మవిభూషణ్ ఇచ్చారు.

ఉత్త నీళ్ళు తాగితే చాలదా, ఈ పొట్లం ఎందుకు అని మా వైద్యాధికారి ఒకాయన్ను అడిగాను. ఆయన మన భాషలోనే చెప్పారు. "కవరింగ్ లెటరు లేకుండా ఫైలు కదులుతుందటయ్యా? ఉప్పు ఒంటరిగా వెళితే పేగు గోడ దాన్ని సరిగా లోపలికి తీసుకోదు. గ్లూకోజు తోడు ఉంటే తీసుకుంటుంది. ఉప్పు వెంట నీళ్ళు వెళతాయి. విరేచనాలు అవుతున్నా ఆ ద్వారం మాత్రం మూతపడదు." నాకు ఇంతకంటే బాగా ఎవరూ చెప్పలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002లో పొట్లంలో ఉప్పు, గ్లూకోజు పాళ్ళు కొంచెం తగ్గించింది. ఇప్పుడు ఆ సూత్రం ప్రకారం చేసిన పెద్ద పొట్లంలో 20.5 గ్రాముల పొడి ఉంటుంది. సరిగ్గా ఒక లీటరు నీళ్ళలో మొత్తం పొట్లం కలపాలి. చిన్న పొట్లాలు కూడా వస్తాయి, అవి 200 మిల్లీలీటర్లకు. కనుక పొట్లం మీద ఎన్ని నీళ్ళని రాశారో కళ్ళద్దాలు పెట్టుకుని చదవండి. చాలా ఇళ్ళల్లో పొదుపు కోసం పెద్ద పొట్లంలో కొంచెం పొడి గ్లాసులో వేసి, మిగిలింది మడిచి డబ్బాలో పెడతారు. అలా చేస్తే ఉప్పు ఎక్కువ అవుతుంది, లేదా తక్కువ అవుతుంది. ఎక్కువైతే పసివాళ్ళకు ప్రమాదం. కాచి చల్లార్చిన నీళ్ళు వాడండి. కలిపింది 24 గంటలు దాటితే పారబోసి మళ్ళీ కలపండి.

ఎంత పట్టాలంటే, రెండేళ్ళ లోపు పిల్లలకు విరేచనం అయిన ప్రతిసారీ పావు గ్లాసు నుంచి అర గ్లాసు. రెండు నుంచి పదేళ్ళ వారికి అర గ్లాసు నుంచి గ్లాసు. అంతకంటే పెద్దవాళ్ళు ఎంత తాగగలిగితే అంత. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి, చెంచాతో నిమ్మళంగా పోయండి. ఒక్కసారి గ్లాసు ఎత్తి తాగిస్తే మళ్ళీ వాంతే. పొట్లం దొరకని చోట లీటరు నీళ్ళకు ఆరు టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు కలపవచ్చు. చెంచా మీద గుట్టగా పోయకుండా చదునుగా కొలవాలి. ఉప్పు వేసిన గంజి, పలచటి మజ్జిగ కూడా మంచివే. కూల్ డ్రింకులు, చక్కెర ఎక్కువ వేసిన పండ్లరసాలు మాత్రం వద్దు. ఆ చక్కెర పేగుల్లోకి మరిన్ని నీళ్ళు లాగుతుంది.

ఇక్కడ ఒక సంగతి చెప్పక తప్పదు. మందుల షాపుల్లో ఓఆర్ఎస్ అనే అక్షరాలు పేరులో పెట్టుకుని, పెట్టెల్లో తియ్యటి పానీయాలు అమ్మేవారు. అవి అసలు ఓఆర్ఎస్ కావు. హైదరాబాదులో పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ గారు దీని మీద ఏళ్ళ తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ ఆ పేరు అలా వాడకూడదని ఉత్తర్వు ఇచ్చింది. ఒక్క మనిషి పట్టుబట్టి కాగితం కదిలిస్తే ఏమవుతుందో మన లాంటి వాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు. అయినా పెట్టె మీద బొమ్మ చూసి మోసపోకండి, ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం అని రాసి ఉందో లేదో చూడండి.

పిల్లలకు ఓఆర్ఎస్‌తో పాటు జింకు మాత్ర ఇవ్వాలి. ఆరు నెలల లోపు వారికి రోజుకు 10 మిల్లీగ్రాములు, ఆ పైన 20 మిల్లీగ్రాములు, విరేచనాలు ఆగినా సరే 14 రోజులు. రెండు నెలల లోపు పసికందు అయితే మాత్రం ఏ ప్రయత్నమూ ఇంట్లో చెయ్యకుండా ఆస్పత్రికే. జింకు, ఓఆర్ఎస్ మీ ఊరి ఆశా కార్యకర్త దగ్గర ఉచితంగానే దొరుకుతాయి. తల్లిపాలు ఆపకూడదు. అన్నం తినే పిల్లలకు మెత్తటి అన్నం, పెసరపప్పు, అరటిపండు, పెరుగు, ఎప్పటిలాగే కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు పెట్టాలి. పస్తు పెడితే పేగు తేరుకోవడం ఆలస్యమవుతుంది. విరేచనాలు బిగబట్టే మాత్రలు, లోపెరమైడ్ లాంటివి చిన్నపిల్లలకు ఇవ్వనే కూడదు. పేగు కదలిక ఆగి, పొట్ట ఉబ్బి ప్రాణం మీదికి వస్తుంది. యాంటిబయాటిక్ కూడా మందుల షాపు అతన్ని అడిగి కొనకండి. చాలా వరకు పిల్లల విరేచనాలు వైరస్ వల్ల వస్తాయి, దానికి ఆ మందు పనిచెయ్యదు. రక్తంతో జిగటగా పోతున్నా, బియ్యం కడిగిన నీళ్ళలా ధారగా పోతున్నా అప్పుడు డాక్టరు నిర్ణయిస్తారు. రోటా వైరస్ చుక్కల మందు 2016 నుంచి ప్రభుత్వ టీకాల్లో చేరింది. మొదట ఇచ్చిన నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. మీ మనుమల టీకా కార్డులో ఆరు, పది, పద్నాలుగు వారాల దగ్గర అది పడిందో లేదో చూసుకోండి.

ఎప్పుడు పరుగెత్తాలి? పిల్ల మగతగా ఉండి పిలిస్తే పలకకపోతే, తాగలేకపోతే, కళ్ళు లోపలికి పోతే, పొట్ట మీద చర్మం పట్టుకుని వదిలితే ముడత మెల్లగా పోతే, ఆరేడు గంటలు ఒంటికి పోకపోతే, తాగిందంతా వాంతి అయితే, మలంలో రక్తం కనిపిస్తే. ఇందులో ఏ ఒక్కటి ఉన్నా తెల్లవారే దాకా ఆగకూడదు. దారిలో కూడా చెంచాతో పోస్తూనే ఉండండి.

ఇక మన సంగతి. వయసు మీద పడినవాళ్ళకు దాహం తెలియదు. ఒంట్లో నీరు పోతున్నా నోరు అడగదు. దానికి తోడు మనలో సగం మందికి రక్తపోటు మాత్రలు, నీళ్ళ మాత్రలు, షుగరు మాత్రలు. విరేచనాలు, వాంతులు పట్టుకున్న రోజున కొన్ని మాత్రలు మూత్రపిండాలను దెబ్బతీయవచ్చు. అలా అని సొంతంగా మానెయ్యకూడదు, ఇన్సులిన్ అసలే మానకూడదు. ఆ రోజే డాక్టరుకు ఫోను చేసి, "ఫలానా మాత్రలు వాడుతున్నాను, ఇన్నిసార్లు అయ్యాయి, ఏది ఆపమంటారు?" అని అడగండి. షుగరు ఉన్నవాళ్ళు ఓఆర్ఎస్‌లో గ్లూకోజు ఉందని భయపడి మానేస్తున్నారు. ఒంట్లో నీరు పోయినప్పుడు తాగవలసిందే, షుగరు పరీక్ష మాత్రం ఎక్కువసార్లు చేసుకోండి. గుండె నీరసించి నీళ్ళు కొలిచి తాగమన్నవారు, కిడ్నీ జబ్బు ఉన్నవారు మాత్రం ఎంత తాగాలో అడిగి తాగాలి. మరొక్క మాట. నెలల తరబడి పలచగా పోతుంటే మెట్‌ఫార్మిన్ వల్ల కావచ్చు, థైరాయిడ్ వల్ల కావచ్చు. ఆస్పత్రిలో ఉండి వచ్చాకో, యాంటిబయాటిక్ వాడాకో మొదలైతే ఆ సంగతి డాక్టరుకు తప్పకుండా చెప్పాలి.

మలబద్ధకానికి వద్దాం. ఇక్కడ కూర్చున్నవారిలో చేతులెత్తమంటే ఎవరూ ఎత్తరు. కానీ పొద్దున్నే వాకింగులో మన మాటల్లో సగం దాని గురించే. రోజూ కాకపోతే జబ్బు అనుకోవడం మనకో పట్టింపు. రోజుకు మూడుసార్ల నుంచి వారానికి మూడుసార్ల వరకు ఏదైనా మామూలే, గట్టిపడకుండా, ముక్కకుండా అయితే చాలు. 1997లో ఇంగ్లండులోని బ్రిస్టల్ నగరపు డాక్టర్లు మలాన్ని చూపుతో ఏడు రకాలుగా విడగొట్టి ఒక పట్టిక అచ్చు వేశారు. మేకపెంటికల్లా విడివిడిగా ఉంటే ఒకటో రకం, ఉత్త నీళ్ళయితే ఏడో రకం. మూడు, నాలుగు రకాలు సుఖ విరేచనం. డాక్టరు దగ్గర సిగ్గుపడి "సరిగ్గా అవడం లేదండీ" అని ఊరుకునేకంటే "ఒకటో రకం, నాలుగు రోజులకోసారి" అంటే ఆయనకు పని సులువు.

ఎందుకు వస్తుంది? తెల్లటి సన్నబియ్యం, పీచు లేని కూర, కదలకుండా టీవీ ముందు కుర్చీ. ఇవి అందరూ చెప్పేవే. ఎవరూ చెప్పనిది ఒకటి ఉంది. రాత్రి రెండుసార్లు లేవాలి, కాళ్ళు తూలుతాయి, పక్కగదిలో కోడలికి నిద్రాభంగం, కనుక సాయంత్రం అయిదు తరువాత నీళ్ళు మానేస్తారు. ప్రయాణం ఉందంటే ముందు రోజు నుంచే మానేస్తారు. ఇలా దాచుకున్న నీళ్ళకు పేగు లెక్క అడుగుతుంది. ఇంట్లో ఉన్న ఒక్క మరుగుదొడ్డి దగ్గర పొద్దున్నే ఆఫీసుకు వెళ్ళే కొడుకు, స్కూలుకు వెళ్ళే మనుమలు వరసలో ఉంటే ఈ పెద్దాయన "నాకేం తొందరలే" అని తప్పుకుంటాడు. వచ్చిన వేళ దాటిపోతుంది, మళ్ళీ రాదు. టిఫిను తిన్న తరువాత ఇరవై నిమిషాలకు పెద్దపేగు దానంతట అదే కదులుతుంది. కొడుకులకు, కోడళ్ళకు నా మనవి: ఆ పదిహేను నిమిషాలు వారికి వదలండి.

మందుల డబ్బా కూడా తీసి చూడాలి. ఐరన్ మాత్రలు, కాల్షియం మాత్రలు, నొప్పులకు ఇచ్చే ట్రమడాల్, కోడీన్ ఉన్న దగ్గు మందు, నరాల తిమ్మిర్లకు ఇచ్చే ఎమిట్రిప్టిలిన్, వెరాపమిల్ అనే రక్తపోటు మాత్ర, వణుకుడు జబ్బుకు ఇచ్చే కొన్ని మందులు మలబద్ధకం తెస్తాయి. థైరాయిడ్ తగ్గినా, షుగరు చాలాకాలం ఉన్నా వస్తుంది.

వైద్యం మెట్లు మెట్లుగా చెయ్యాలి. తోటకూర, చిక్కుడు, జామ, బొప్పాయి, పొట్టుతీయని పప్పులు, జొన్నరొట్టె. ఒకేసారి కాకుండా నెమ్మదిగా పెంచాలి, లేకపోతే పొట్ట ఉబ్బరం. కమోడు మీద కూర్చునేవారు కాళ్ళ కింద చిన్న పీట వేసుకుంటే మోకాళ్ళు పైకి లేచి, మన పాత పద్ధతిలో కూర్చున్నట్టే అవుతుంది. గడియ మాత్రం వెయ్యకండి. గట్టిగా ముక్కితే కళ్ళు తిరిగి పడిపోయినవాళ్ళు ఉన్నారు, తలుపు బద్దలు కొట్టవలసి వస్తుంది. తరువాత ఇసబ్గోలు పొట్టు. రెండు చెంచాలు నాలుక మీద వేసుకుని గుటక నీళ్ళు తాగేవాళ్ళను చూశాను, అది ప్రమాదం. నిండు గ్లాసు నీళ్ళలో కలిపి వెంటనే తాగి, ఆపైన మరో గ్లాసు తాగాలి. మింగడం కష్టంగా ఉన్నవారికి, మంచాన పడి నీళ్ళు తాగలేనివారికి అది వద్దే వద్దు. దానితో కాకపోతే లాక్టులోజ్ సిరపు, పాలిఇథిలీన్ గ్లైకాల్ పొడి. ఇవి మలంలోకి నీరు లాగి మెత్తబరుస్తాయి. లాక్టులోజ్ రాత్రి తాగితే తెల్లారేసరికి అవదు, ఒకటి రెండు రోజులు పడుతుంది. ఈలోగా తొందరపడి బైసకొడిల్ మాత్ర కూడా వేసుకుంటే మూడో రోజు రెండూ కలిసి పనిచేస్తాయి, అప్పుడు చూడాలి అవస్థ! చూర్ణాలన్నీ మూలికలే గదా, హాని ఉండదు అంటారు. చాలా చూర్ణాల్లో ఉండేది సునాముఖి ఆకు. అదీ పేగును తరిమే మందే. డాక్టరుకు తెలియకుండా ఏళ్ళ తరబడి మోతాదు పెంచుకుంటూ పోకండి.

ఇప్పుడు చెప్పబోయేది అందరూ వినాలి. మన సభ్యుడొకరి తల్లిగారు, ఎనభై రెండేళ్ళు. పేరు చెప్పను, చెప్పడానికి మాత్రం వారు ఒప్పుకున్నారు. ఆవిడ జారిపడి తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయింది. మంచంలోనే ఉండి నొప్పికి ట్రమడాల్, ఎముకకు కాల్షియం, రక్తానికి ఐరన్ వేసుకునేవారు. ఆరు రోజులు మోషన్ లేదు. ఏడో రోజు నుంచి పలచగా కొంచెం కొంచెం బట్టల్లోనే అయిపోవడం, రోజుకు ఎనిమిది పది సార్లు. కోడలు "అత్తయ్యగారికి విరేచనాలు పట్టుకున్నాయండీ" అంది. మందుల షాపులో బిగబట్టే మాత్రలు ఇచ్చారు. రెండు రోజులు వేశారు. పొట్ట రాయిలా అయింది, మూత్రం ఆగిపోయింది, ఆవిడ ఎప్పుడో పోయిన భర్తను పిలుస్తూ ఏదేదో మాట్లాడారు. మతి పోయిందనుకున్నారు. ఇంటికి వచ్చిన పెద్ద డాక్టరు గారు గ్లౌజు వేసుకుని వేలితో పరీక్ష చేశారు. లోపల రాయిలాంటి మలం అడ్డుపడి ఉంది. దాని పక్కల నుంచి పైనున్న నీళ్ళు ఊరుతున్నాయి. అది అతిసారం కాదు, ముదిరిన మలబద్ధకం! రెండు రోజులు ఎనీమాలతో మెల్లగా తీశారు. మూత్రం వచ్చింది. మూడో రోజు పొద్దున "కాఫీ ఏదే?" అని కోడల్ని గదమాయించారట. మతి ఎక్కడికీ పోలేదు.

ఆ డాక్టరు గారు చెప్పిన మాట నేను రాసుకున్నాను. మంచాన ఉన్న ముసలివారికి కొన్ని రోజులు అవకుండా ఉండి, ఆ తరువాత కొద్దికొద్దిగా నీళ్ళలా అవుతుంటే ముందు వేలితో పరీక్ష, ఆ తరువాతే మందు. ఆ పరీక్ష చేయించుకోవడానికి మనవాళ్ళు సిగ్గుపడతారు, కొన్నిచోట్ల వైద్యులూ మొహమాటపడతారు. మనమే "అయ్యా, ఒకసారి లోపల చూడండి" అని అడగాలి. ఎనీమా కూడా షాపులో కొని ఇంట్లో ఇచ్చుకోవద్దు. ఫాస్ఫేటు ఎనీమా కిడ్నీ బలహీనంగా ఉన్న ముసలివారికి చేటు చేస్తుంది.

మామూలు మలబద్ధకం కాదు అనడానికి గుర్తులున్నాయి. యాభై దాటాక కొత్తగా అలవాటు మారడం. మలంలో రక్తం, దాన్ని మొలలే అని ఊరికే అనుకోకండి. తారులా నల్లగా, జిగటగా, కంపుతో ఉంటే లోపల రక్తం పోతోందని అర్థం. ఐరన్ మాత్రలు వాడేవారికీ నలుపు వస్తుంది గానీ అది జిగటగా ఉండదు. తిండి మామూలే అయినా బరువు తగ్గడం, రక్తహీనత, ఇంకా అవ్వాలనే భావన పోకపోవడం, దగ్గర రక్తసంబంధీకులకు పెద్దపేగు క్యాన్సరు ఉండడం. వీటిలో ఏదున్నా కెమెరా గొట్టంతో చూసే కొలనోస్కోపీ చేయించమంటారు. పేరు విని భయపడకండి. ముందు రోజు పేగు శుభ్రం చేసే మందు తాగడమే అందులో అసలు కష్టం. పొట్ట ఉబ్బి, వాంతులు అవుతూ, గాలి కూడా పోకపోతే అది అడ్డంకి. అప్పుడు ఏ విరేచనకారీ వెయ్యకుండా ఆస్పత్రికి.

పిల్లల మలబద్ధకం వేరే కథ. పుట్టిన 48 గంటల్లో నల్లటి తొలి మలం పోకపోయినా, పసివాడు పచ్చగా వాంతి చేసుకున్నా వెంటనే చూపించాలి. ఒకటిన్నర నెల దాటి తల్లిపాలు మాత్రమే తాగే బిడ్డ వారం రోజులు వెళ్ళకపోయినా, హాయిగా ఆడుకుంటూ, వెళ్ళినప్పుడు మెత్తగా వెళితే అది జబ్బు కాదు. సబ్బు ముక్క పెట్టడం, తమలపాకు తొడిమ ఆముదంలో ముంచి పెట్టడం మన అమ్మమ్మల కాలం నుంచీ ఉంది. సబ్బు ఒరుపు పుట్టిస్తుంది, దయచేసి మానండి. రెండు మూడేళ్ళ పిల్లలు ఒకసారి గట్టిగా అయి నొప్పి పుడితే, ఆ భయంతో కాళ్ళు బిగించి, మూల నిలబడి ఆపేస్తారు. ఆపేకొద్దీ గట్టిపడుతుంది. స్కూల్లో దొడ్డి శుభ్రంగా లేక సాయంత్రం దాకా ఆపే పిల్లలూ ఉన్నారు. ఏడెనిమిదేళ్ళ వాడు నిక్కరు పాడుచేసుకుంటే "ఇంత పెద్దవాడివై సిగ్గు లేదూ!" అని కొడతారు. వాడు కావాలని చెయ్యడు, ఆవిడకు అయినట్టే వాడికీ అడ్డం పక్కనుంచి ఊరుతోంది. పాలు అతిగా తాగి అన్నం మానే పిల్లలకు పాలు తగ్గించాలి. భోజనం అయ్యాక పాదాలు ఆనేలా పీట వేసి, తిట్టకుండా అయిదు పది నిమిషాలు కూర్చోబెట్టాలి. డాక్టరు ఇచ్చిన మెత్తబరిచే మందు నెలల తరబడి వాడవలసి వస్తుంది. నాలుగు రోజులు బాగానే ఉందని ఆపేస్తే మళ్ళీ మొదటికే.

డాక్టరు దగ్గరకు వెళ్ళేటప్పుడు ఒక కాగితం పట్టుకెళ్ళండి. నా లాంటి గుమాస్తాకు ఇది తప్ప వేరే సలహా రాదనుకోండి. ఎప్పుడు మొదలైంది, రోజుకు ఎన్నిసార్లు, ఏ రకం, రక్తం ఉందా, జ్వరం ఉందా, చివరగా ఒంటికి ఎప్పుడు పోశారు, ఏం తాగారు, వాడుతున్న మాత్రలన్నీ. మాత్రల పేర్లు చదవలేకపోతే అట్టలన్నీ సంచిలో వేసుకుపోండి. మా ఇంట్లో క్యాలెండరు మీద తేదీ పక్కన చిన్న టిక్కు పెడతాను. మా మనుమరాలు "ఏంటి తాతయ్యా, పాల లెక్కా?" అని అడిగింది. అవునన్నాను.

హాలు వెనక బల్ల మీద ఓఆర్ఎస్ పొట్లాలు పెట్టించాం. ఇంటికి రెండు చొప్పున తీసుకెళ్ళండి, వెనక ఉన్న తేదీ చూసి పెట్టుకోండి. కలపడం రానివాళ్ళకు ఇక్కడే లీటరు సీసాలో కలిపి చూపిస్తాను. విడిగా అడగదలచినవారు టీ తాగాక నా దగ్గరకు రండి, పేర్లు రాసుకోను.